పసుపునకు రంగు సాక్ష్యం చాలదు

పసుపు కొమ్మును చేతిలోకి తీసుకోగానే మనం చూసేది రంగునే. గాఢంగా ఉంటే మేలిరకమని, వెలిసినట్లుంటే నాసిరకమని తీర్మానిస్తాం. నిజామాబాదు మార్కెట్ యార్డుకు పసుపు తోలుకుపోయే ప్రాంతంలో ఉన్న మాకు ఈ అలవాటు మరీ ఎక్కువ. ఔషధంగా వాడదలచిన హరిద్ర విషయంలో ఈ ఒక్క సాక్ష్యాన్ని నమ్మడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను పీపాలలో వేసి తిప్పి మెరుగుపెడతారు. మోసానికి అనువైన ఘట్టం ఇదే. లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చని రసాయనాన్ని ఇక్కడ పూస్తే పనికిమాలిన కొమ్ము కూడా బంగారంలా మెరుస్తుంది. అది సీసపు లవణం. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన బజారు నమూనాలలో 47 శాతం ఇలా కలుషితమైనవని తేలింది. అధికారులు టోకు బజారులో అక్కడికక్కడే సీసాన్ని పసిగట్టే ఎక్స్‌రే పరికరంతో తనిఖీలు జరిపి జరిమానాలు విధించారు. 2021 నాటికి అటువంటి నమూనా ఒక్కటీ దొరకలేదు. విశ్లేషణ వలన కలిగే మేలుకు ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

పసుపు పొడిని నీటిలో కలిపి కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినపుడు గులాబి రంగు వచ్చి, మరిన్ని నీళ్లు పోసినా పోకుండా నిలిస్తే మెటానిల్ ఎల్లో కలిసినట్లు అనుమానించాలి. ఈ చిట్కా చాలామందికి తెలిసినదే. అయితే ఇది సీసాన్ని పట్టదు. వ్యాపారులు గొప్పగా చెప్పుకొనే కర్కుమిన్ శాతమూ సీసం సంగతి చెప్పదు. అందుకు అటామిక్ అబ్సార్ప్షన్ వంటి పరికరం కావాలి. కిలో పసుపులో సీసం 10 మిల్లీగ్రాములు మించరాదన్నది మన దేశపు నిబంధన.

ఆయుర్వేద ఫార్మకోపియా హరిద్రకు మరికొన్ని కొలతలు నిర్దేశించింది. మొత్తం బూడిద 9 శాతం, అందులో ఆమ్లానికి కరగని భాగం 1 శాతం మించరాదు; సుగంధ తైలం 4 శాతానికి తగ్గరాదు. కరగని బూడిద పెరిగితే మట్టి, ఇసుక కలిసాయన్నమాట. తైలం తగ్గితే సరుకు నిలవదై ఉండవచ్చు.

రసం, గంధం చూసి ద్రవ్యాన్ని గుర్తించే శాస్త్రం మనకుండగా ఈ గాజుగొట్టాలెందుకని కొందరు వైద్యులు అడుగుతారు. వారి అనుభవాన్ని నేను తక్కువ చేయను. కొమ్మును ఏ ఋతువులో తవ్వారో, ఏ నేలలో పండిందో ఏ అంకెలూ పూర్తిగా చెప్పలేవు. కాని లెడ్ క్రోమేట్‌ను నాలుక పట్టలేదు, ముక్కు పట్టలేదు.

భిక్నూర్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం ఉన్నది. అక్కడ రసాయనశాస్త్రం బోధిస్తున్నారు. కామారెడ్డి జిల్లా వైద్యులు, మూలికల దుకాణదారులు తెచ్చిన నమూనాలను వారానికొక రోజు స్వల్ప రుసుముతో అక్కడ పరీక్షించే ఏర్పాటు జరగాలని కోరుతున్నాను. బూడిద పరీక్షకు కావలసినవి కొలిమి, మూస, సున్నితపు త్రాసు మాత్రమే. విద్యార్థులకు అది నిత్యాభ్యాసమవుతుంది. సీసం పరీక్ష ఖర్చుతో కూడినది కనుక దానిని జాతీయ పసుపు బోర్డు భరించడం న్యాయం. 2025 జనవరిలో ప్రారంభమైన ఆ బోర్డు కేంద్ర కార్యాలయం నిజామాబాదులోనే ఉన్నది.

అంతవరకు పాఠకులు పొడి మాని కొమ్ములే కొనడం మంచిది. ఒకదానిని విరిచి చూడండి. పైన మిరుమిట్లు గొలుపుతూ లోపల పాలిపోయి ఉంటే, ఆ దుకాణంలో కొనకండి.