పనివాని చేతి సాక్ష్యము

ఉద్యోగార్థియైన యువకుడు పెద్దల సిఫారసు ఉత్తరముకొఱకు తిరుగుట మనకు పరిపాటి. 1916లో దామెర్ల రామారావు బొంబాయి కేగినపుడు జె.జె. కళాశాల ప్రిన్సిపాలు సిసిల్ బర్న్స్ ఆయన చిత్రములనే చూచి నేరుగా మూడవ సంవత్సరపు తరగతిలో చేర్చుకొనెను. చిత్రకారునకిది సులభము; చిత్రమంతయు నొకని చేతిదే. పదిమంది కలసి చేయు పనిలో ఎవని భాగమెంతయో చూపుటెట్లు?

తెనాలి శిల్పశాలలను చూడుడు. 2021లో కాటూరి వేంకటేశ్వరరావు, రవిచంద్ర గారలు ఇనుప తుక్కుతో నిర్మించిన ప్రధాని మోదీ విగ్రహము వార్తల కెక్కెను. పేరుగన్న శిల్పికి పనియే ప్రకటన. సహాయకుని మాట వేఱు. కంచు విగ్రహమునకు మట్టి నమూనా చేయువాడు, అచ్చు తీయువాడు, పోత పోయువాడు, అతుకులు వేయువాడు, నగిషీ దిద్దువాడు వలయును. పీఠముపై నుండునవి దాత పేరు, ఆవిష్కర్త పేరు! బాపట్ల జిల్లా నగరమునుండియో రేపల్లెనుండియో వచ్చి పదేండ్లు చెమటోడ్చిన కుఱ్ఱవాడు స్వయముగ శాల పెట్టదలచిననాడు ఏమి చూపగలడు? చేతిఫోనులోని ఛాయాచిత్రము చాలునందురా? విగ్రహము ప్రక్క నిలిచి దారిని పోవువాడును అట్టిది తీయించుకొనగలడు.

కావున మట్టి దశనుండియే చిత్రములు తీసి, కొలతలు, లోహము, పట్టిన దినములు, తన చేతిమీదుగ జరిగిన భాగము వ్రాసి యుంచుకొనవలయును. ప్రతి పుటక్రిందను యజమాని సంతకము చేయవలయును. శిష్యుడు పోటీదారుడగునని కొందఱు జంకుదురు. వారును ఒకరి చేతిక్రింద నేర్చినవారే గదా! విగ్రహములు చేయించువారు, ముఖ్యముగ పురపాలక సంఘములు, బేరమునకు ముందు ఈ పుటల నడిగినయెడల సంతకములకు యజమానులు వెనుదీయరు.