ఇంట్లో పాత కంప్యూటర్‌కి విండోస్ 11: షాపు మాట వద్దు, యూట్యూబ్ మాటా వద్దు

పండక్కి ఊరెళ్తే మనలాంటి టెక్ పిచ్చోళ్ళకి సెలవు ఉండదు. ఒకళ్ళ ఫోన్లో స్టోరేజ్ నిండిపోయి ఉంటుంది, ఇంకొకళ్ళ టీవీలో యూట్యూబ్ రాదు. ఈ సంక్రాంతికి మాత్రం జనగామలో మా ఇంట్లో, మహబూబాబాద్‌లో చిన్నమ్మ వాళ్ళింట్లో, భూపాలపల్లిలో మామయ్య వాళ్ళింట్లో ఒకటే ప్రశ్న ఎదురైంది: "మన కంప్యూటర్ ఇగ పనికిరాదంటున్నరు, కొత్తది కొనాల్నా?"

మొదట ఒక అపోహ తీసేద్దాం. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. అంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. నిన్న ఎలా ఆన్ అయిందో రేపూ అలాగే ఆన్ అవుతుంది. ఆగేది నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. కొత్తగా బయటపడే లోపాలకి ఇక మరమ్మతు ఉండదు. కళ్ళకి కనిపించే తేడా ఏమీ లేదు కాబట్టి చాలామంది "ఏం కాదులే" అనుకుంటారు. మిగిలినవాళ్ళు భయపడి షాపుకి పోతారు. షాపులో ఏం చెప్తారో మీకు తెలుసు.

ఏం కాదులే అనుకునేవాళ్ళకి 2017 మే గుర్తుచేయాలి. వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు మన పక్కనే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. ఆ లోపానికి ప్యాచ్ అప్పటికే మార్చిలో, అంటే రెండు నెలల ముందే వచ్చి ఉంది. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు, వేసుకోనివాళ్ళ ఫైళ్ళకి తాళం పడింది. ఇప్పుడు విండోస్ 10 మీద ఉండిపోతే తేడా ఏంటంటే, వేసుకుందామన్నా ఆ ప్యాచ్ మన దాకా రాదు.

అర్హత ఉన్నా లేదని చెప్పే కంప్యూటర్

భూపాలపల్లి సంగతి ముందు చెప్తా, అది తొందరగా తేలిపోయింది. మామయ్య సింగరేణిలో పనిచేస్తాడు. కంప్యూటర్ పిల్లల కోసం కొన్నది, లోపల ఐ5-8400 ప్రాసెసర్. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైనవి కావాలి. డ్యాష్ తర్వాత వచ్చే మొదటి అంకె (ఐదంకెల నంబరైతే మొదటి రెండు అంకెలు) చూస్తే తరం తెలుస్తుంది: 8400 అంటే ఎనిమిది, 10400 అంటే పది. అంటే ఇది దర్జాగా పాస్ కావాలి. కానీ మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ యాప్ మాత్రం కుదరదంటోంది. "మదర్‌బోర్డు మార్చాలె, అంతకన్నా కొత్త సెట్టే నయం" అని ఊళ్ళో ఒక షాపతను చెప్పాడట.

అడ్డు పడింది టీపీఎం 2.0. ఇది తాళంచెవుల డబ్బా లాంటిది. డిస్క్‌ని లాక్ చేసే కీలు, లాగిన్‌కి సంబంధించిన కీలు సాఫ్ట్‌వేర్ చేతికి చిక్కకుండా విడిగా దాచిపెడుతుంది. ఆ తరం ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ పేరుతో, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం పేరుతో ఇది లోపలే ఉంటుంది, కాకపోతే చాలావాటిలో ఆఫ్ చేసి వస్తుంది. బయోస్‌లోకి వెళ్ళి పీటీటీ ఆన్ చేశాను. డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో డేటా పోకుండా మార్చాను (అయినా ముందు బ్యాకప్ తీసుకున్నా, మీరూ తీసుకోండి). తర్వాత బూట్ మోడ్‌ని యూఈఎఫ్‌ఐకి తిప్పి సెక్యూర్ బూట్ ఆన్ చేశా. హెల్త్ చెక్ పచ్చ టిక్ చూపించింది. అప్‌గ్రేడ్ ఉచితం. మామయ్యకి అయిన ఖర్చు నాకు పెట్టిన టీ.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. విండోస్ 11 కొత్త వెర్షన్లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయ్యే అవకాశం ఉంది. దాని రికవరీ కీ ఆ అకౌంట్లోనే ఉంటుంది. షాపతను తన మెయిల్ ఐడీతోనో, పిల్లాడి పాత నంబర్‌తోనో అకౌంట్ తెరిచిస్తే, రేపు బయోస్ అప్‌డేట్ తర్వాత కీ అడిగినప్పుడు పెళ్ళి ఫొటోలతో సహా మొత్తం పోయినట్టే. అకౌంట్ ఇంట్లోవాళ్ళ పేరు మీదే ఉండాలి, కీని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. నవ్వకండి, నేను నిజంగానే బీరువాలో పెట్టించా.

2018లో వచ్చిన చిప్, 2021లో పాతది

మహబూబాబాద్‌లో నాకు ఒళ్ళు మండింది. చిన్నమ్మ కూతురు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. తన ల్యాప్‌టాప్ 2019లో కొన్నది, ఐ3-7020యూ ప్రాసెసర్. ఈ చిప్ మార్కెట్‌లోకి వచ్చిందే 2018లో. మన దగ్గర తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విపరీతంగా అమ్మారు. పేరుకి ఏడో తరం కాబట్టి 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 జాబితాలో దీనికి చోటు లేదు. దీనిలో టీపీఎం 2.0 ఉంది, సెక్యూర్ బూట్ ఉంది. అయినా కుదరదు.

సెక్యూరిటీ కోసం కనీస హద్దు పెట్టడం తప్పని నేను అనను. టీపీఎం కావాలంటే అడగండి, దానికి కారణం ఉంది. కానీ రెండేళ్ళ కింద కొత్తగా కొన్న మెషీన్‌ని, అన్ని పరికరాలూ లోపల ఉండగానే, మోడల్ నంబర్ చూసి గేటు బయట నిలబెట్టడానికి ఏ కారణం చెప్పినా నాకు ఎక్కదు. ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకి 2018లోనే ఎనిమిదో తరం దొరికింది. దెబ్బ పడింది తక్కువ ధరలో పాత తరం చిప్ కొన్నవాళ్ళకి. మన జిల్లాల్లో ఎక్కువమంది కొన్నది ఏదో మీరే చెప్పండి.

దీనికి యూట్యూబ్ దగ్గర రెడీమేడ్ మందు ఉంది: రూఫస్‌తో పెన్‌డ్రైవ్ చేసి, తనిఖీలు దాటవేసి విండోస్ 11 ఎక్కించెయ్. పని చేస్తుంది, కాదనను. నేనూ నా టెస్ట్ మెషీన్‌లో చేశా. కానీ అర్హత లేని మెషీన్లకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. నెలవారీ అప్‌డేట్లు ఇప్పుడు వస్తున్నా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కి మళ్ళీ అదే తంతు చేతితో చెయ్యాలి. ఎవరు చేస్తారు? నేను హైదరాబాద్‌లో ఉంటా, చెల్లె అక్కడ ఉంటుంది. పరీక్షకి నెల ముందు ఏదో ఆగిపోతే? మన సొంత మెషీన్ మీద ఆడుకోవడం వేరు, ఇంకొకరి ఒక్కగానొక్క ల్యాప్‌టాప్ మీద ఆడుకోవడం వేరు. రివ్యూలు చేసే మనవాళ్ళు ఈ తేడా చెప్పడం లేదనేదే నా ఫిర్యాదు.

తను ల్యాప్‌టాప్‌లో ఏం చేస్తుందో ఒక గంట పక్కన కూర్చుని చూశా. క్రోమ్‌లో మాక్ టెస్టులు, పీడీఎఫ్‌లు, యూట్యూబ్ క్లాసులు, అప్పుడప్పుడు జూమ్. అంతే. లినక్స్ మింట్ 22 వేశాను. దానికి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, చూడ్డానికి కింద స్టార్ట్ మెనూతో విండోస్ లాగే ఉంటుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, కెమెరా, సౌండ్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కా. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు జత చేశా. అప్‌డేట్ మధ్యలో బలవంతంగా రీస్టార్ట్ అవ్వదని తెలిసి తనకి తెగ నచ్చింది.

ఇన్‌స్టాల్ ఫైల్ మాత్రం నేను హైదరాబాద్ నుంచే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళా. చిన్నమ్మ వాళ్ళింట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి 2 జీబీ. మింట్ ఫైల్ 3 జీబీకి దగ్గర. విండోస్ 11 అయితే 5 జీబీ పైమాటే. "ఉచిత అప్‌గ్రేడ్" అని రాసేటప్పుడు ఈ లెక్క ఎవరూ వెయ్యరు. మన దగ్గర అప్‌డేట్లు ఆపేసుకునే అలవాటు కూడా ఇక్కడినుంచే వచ్చింది: డేటా అయిపోతుందని కనెక్షన్‌ని మీటర్డ్ అని పెట్టేస్తారు, ఇక దాన్ని మళ్ళీ మార్చరు. మీరు ఊరెళ్ళేటప్పుడు స్వీట్ బాక్స్‌తో పాటు ఒక 16 జీబీ పెన్‌డ్రైవ్ కూడా పట్టుకెళ్ళండి.

నాన్న కంప్యూటర్

అసలు చిక్కు మా ఇంట్లోనే. నాన్న రిటైర్డ్ టీచర్. కంప్యూటర్ 2014లో కొన్నది: ఐ3-4130, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 11 గురించి ఆలోచించడమే దండగ. మరి మింట్ వేసెయ్యొచ్చు కదా అంటే, అక్కడ అడ్డు వచ్చింది టీపీఎం కాదు, తెలుగు.

నాన్న పదేళ్ళుగా వాళ్ళ సంఘం ఉత్తరాలు, మీటింగ్ తీర్మానాలు, బంధువుల పెళ్ళి పత్రికల మ్యాటర్ అన్నీ అను ఫాంట్లలో టైప్ చేస్తున్నాడు. మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇది: అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఫైల్లో నిజానికి ఉండేది ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులే. వాటి మీద తెలుగు బొమ్మ తొడిగినట్టు ఫాంట్ చూపిస్తుంది. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే ఏదో పిచ్చి ఇంగ్లీష్ కనిపిస్తుంది. లినక్స్‌లో ఫాంట్ ఫైళ్ళు కాపీ చేస్తే పాతవి చదవొచ్చేమో గానీ, టైప్ చెయ్యడానికి కావాల్సిన అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసింది. దాని ఆపిల్ లేఅవుట్‌కి నాన్న వేళ్ళు అలవాటుపడిపోయాయి. ఫ్లెక్సీ, డీటీపీ షాపులవాళ్ళు కూడా ఇప్పటికీ అనులోనే ఇవ్వమంటారు.

యూనికోడ్‌కి మారమని చెప్పా. విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉందని చూపించా, "ఎ, ఎమ్, ఎమ్, ఎ కొడితే అమ్మ వస్తుంది" అన్నా. నాన్న ఒక్క మాట అన్నాడు: "నేను తెలుగు రాయడానికి ఇంగ్లీష్ ఎందుకు ఆలోచించాలెరా?" నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి అప్‌గ్రేడ్ చెయ్యలేదు. హార్డ్‌డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసి మార్చా, సికింద్రాబాద్ సీటీసీ నుంచి తెచ్చిన పాత డీడీఆర్3 ర్యామ్ ఇంకో 4 జీబీ వేశా. ఈ మధ్య ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి, అయినా కొత్త కంప్యూటర్‌తో పోలిస్తే ఇది చిల్లర ఖర్చే. ఆ ధరల వల్లే, తప్పనిసరి కాకపోతే కొత్త సిస్టమ్ కొనడానికి ఇది చెత్త సమయం. నాలుగు నిమిషాలు తిప్పితిప్పి ఆన్ అయ్యే మెషీన్ ఇప్పుడు అర నిమిషంలో సిద్ధం. "కొత్త విండోస్ వేసినవా?" అన్నాడు నాన్న. పాతదే అని చెప్తే నమ్మలేదు.

తర్వాత ఈఎస్‌యూలో చేర్చా. ఇది సపోర్ట్ ముగిసిన తర్వాత కూడా 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింక్ కనిపిస్తుంది. 30 డాలర్లకి సమానమైన మొత్తం కట్టొచ్చు, లేదా 1,000 రివార్డ్స్ పాయింట్లు ఇవ్వొచ్చు, లేదా సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. మూడోది ఎంచుకోండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే కాబట్టి ఫోల్డర్ల బ్యాకప్ ఆఫ్ చేసి సెట్టింగ్స్ ఒక్కటే ఉంచండి.

ఈ బ్యాకప్ షరతు యూరప్ వాళ్ళకి లేదు. అక్కడ వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగేసరికి, అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉంటే చాలు ఉచితమని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. మన దగ్గర ఎవరూ అడగలేదు. లాంచ్ ఈవెంట్లకి పరిగెత్తే టెక్ మీడియా, మేముతో సహా, దీని మీద ఎంత గొడవ చేశామో వెనక్కి తిరిగి చూసుకుంటే సిగ్గనిపిస్తుంది.

ఇక క్రాక్ విండోస్ గురించి. 500 ఇచ్చి "ఫార్మాట్ కొట్టించి" తెచ్చుకునే కాపీల్లో అప్‌డేట్లు ముందే ఆపేసి ఉంటాయి, యాక్టివేటర్ కోసం యాంటీవైరస్‌కి గంతలు కట్టి ఉంటారు. అందులోంచే బ్యాంక్ లాగిన్లు. అలాంటి మెషీన్ మీ ఇంట్లో ఉంటే, విండోస్ 10 అయినా 11 అయినా అది తలుపు లేని ఇల్లే. దానికన్నా మింట్ వెయ్యి రెట్లు నయం.

నాన్న గడువు అక్టోబర్ 13. ఈ ఏడాది ఆ తేదీ బతుకమ్మ రోజుల్లోనే పడుతోంది, ఎలాగూ ఇంటికి వెళ్తా. అప్పటిదాకా పాత అను ఫైళ్ళని కన్వర్టర్‌తో కొన్ని కొన్నిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నా. వత్తులు అక్కడక్కడా తప్పు పడుతున్నాయి, నాన్న ఎర్ర పెన్ను పట్టుకుని ప్రింటవుట్ల మీద దిద్దుతున్నాడు.