పిచ్చిమొక్కలని ఎవరన్నారు?

మొన్న భాద్రపదంలో ఒక పొద్దున క్వార్టర్ల వెనక పడావు జాగలో పీట వేసుకుని గునుగు గీస్తున్నాను. రాత్రి షిఫ్టు దిగి వస్తున్న పక్కింటి కాక సైకిల్ ఆపి నా భుజం మీదుగా తొంగి చూసిండు. "ఏం సారూ, గీ పిచ్చిమొక్కను పట్టుకున్నవ్? మంచిగ ఓ గులాబి గియ్యరాదా?" అన్నాడు.

కాక మీద నాకు కోపం లేదు. బొగ్గుబాయిలో ఎనిమిది గంటలు చీకట్లో పనిచేసి వచ్చిన మనిషి, మంచి మాటే చెప్పానని అనుకున్నాడు. నా కోపం ఆ మాటను ఆయన నోట్లో పెట్టిన వాళ్ళ మీద. బొమ్మల పోటీ పెట్టి గులాబికీ తామరకే బహుమతులిచ్చే పెద్దలూ, క్యాలెండర్ల మీద మంచుదేశాల తోటలు అచ్చేసేవాళ్ళూ కలిసి ఒక నమ్మకం తయారుచేశారు. పువ్వంటే కుండీలో పూసేది, చెలకలో పూసేది పిచ్చిమొక్క. అందులోనూ మందమర్రి బొగ్గు ఊరు, ఇక్కడ గీయడానికి పూలెక్కడివి?

గులాబి సంగతే ముందు చూద్దాం. గులాబి తేలిక, ఎందుకంటే దాన్ని చూడకుండానే గీయొచ్చు. ఎర్రరంగులో నాలుగు మెలికలు తిప్పితే ఎవరైనా గులాబి అంటారు. గునుగుతో ఆ ఆట సాగదు. కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. ముందు విచ్చినవి వెండి తెలుపుకు తిరుగుతాయి, కొన మాత్రం లేత గులాబి రంగులో మిగులుతుంది. నీటిరంగుల్లో తెలుపుకు వేరే రంగు వాడరు, కాగితమే తెలుపు. అంటే గునుగును గీయాలంటే గునుగును వదిలేసి దాని చుట్టూ ఉన్న ఆకుపచ్చను గీయాలి. కంకి లోపలి నీడలకు పలచటి నీలంలో రవ్వంత గోధుమరంగు కలిపి కుంచె కొసతో తాకించి వదలాలి. తొలిసారి నేను ఓపిక లేక డబ్బాలోని తెల్లట్యూబు వాడాను. గోడకు సున్నం కొట్టినట్టుంది. ఆ కాగితం ఇంకా దాచుకున్నాను.

ఇక పూలెక్కడివన్న ప్రశ్న. మాఘంలో గాంధారి మైసమ్మ జాతరకు బొక్కలగుట్ట వైపు పోయినవాళ్ళు తలెత్తి చూశారో లేదో, అప్పటికే మోదుగులు ఆకు రాల్చి మొగ్గ తొడుగుతుంటాయి. ఫాల్గుణానికి చెట్టంతా నిప్పే. ఆ పువ్వుల్నే ఉడకబెట్టి పిల్లలు హోళీ రంగు తీస్తారు. మోదుగును నారింజరంగుతో నింపేస్తే చచ్చిపోతుంది. ముందు నిమ్మపసుపు పూసి, పూర్తిగా ఆరాక దాని మీద ఎరుపు పలచగా దించాలి. పువ్వు అడుగున ముదురు మఖ్మల్ లాంటి కప్పు ఉంటుంది, నల్లగా కనిపిస్తుంది గానీ నలుపు కాదు. గోధుమరంగులో నీలం కలిపితే ఆ ఛాయ వస్తుంది. (ఆ మాటకొస్తే బొగ్గూ నలుపు కాదు. కొత్తగా పగిలిన పెళ్ళను ఎండలో తిప్పి చూడండి, నీలం మెరుస్తుంది.) తర్వాత ఇప్ప, ఆ వెనకే గొలుసుల్లా వేలాడే రేల. వానలు పడ్డాక కంచెల మీద అడవినాభి, దసరా ముందు తంగేడు. 2014లో రాష్ట్రం వచ్చాక తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. రాష్ట్ర పుష్పమైనా మన పిల్లల డ్రాయింగు పుస్తకాల్లో దానికి చోటు దొరకలేదు.

ఇంటర్లో నా వృక్షశాస్త్రం రికార్డులో ఉమ్మెత్త పువ్వు నిలువుకోత గీశాను. గైడు చూసి గీశాను. క్లాసు అందరం అలాగే గీశాం. కాలేజీ ప్రహరీ పక్కన ఉమ్మెత్త గుబురుగా పెరిగి ఉండేది. దాన్ని తెంపి ఒకసారి కోసి చూడండని మాకెవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

పిచ్చిమొక్కలకు గౌరవం ఎప్పుడూ లేదనుకుంటే పొరపాటు. కంపెనీ కాలంలో సామర్లకోటలో ఉండిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు మన చెట్టూచేమా గీయించడానికి దేశీ చిత్రకారులను పెట్టుకున్నాడు. అలా గీయించిన బొమ్మల్లోంచి ఏరిన 300 బొమ్మలు 1795 నుంచి విడతలుగా లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా అచ్చయ్యాయి. మన మోదుగు మొదటి సంపుటంలోనే ఉంది. మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడాయన. మన సోమిద చెట్టుకు శాస్త్రంలో సోయ్‌మిడా అన్న పేరే నిలిచింది. ఆ బొమ్మలు గీసిన చేతులకు మాత్రం పుస్తకంలో పేరు దక్కలేదు. ఊళ్ళో జనం కట్టెలు కొట్టుకునే చెట్టు లండన్ పుస్తకంలో పువ్వు అయింది. మనకు మాత్రం పిచ్చిచెట్టే.

ఫోనుండగా కుంచె ఎందుకని కుర్రాళ్ళు అడుగుతారు. వాళ్ళను పత్తి చేను దగ్గరికి తీసుకుపోతాను. పత్తి పువ్వు మొదటిరోజు మీగడ తెలుపు, మర్నాటికి గులాబి రంగుకు తిరుగుతుంది. ఫోను ఒక్క రోజునే పట్టుకుంటుంది. నా కాగితం మీద నిన్నటి పువ్వు, ఇవ్వాళ్టి పువ్వు, రేపటి కాయ ఒకే కొమ్మకు ఉంటాయి. లండన్‌లో 1787లో మొదలైన కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ కెమెరాలు వచ్చి ఇంతకాలమైనా పువ్వుల్ని రంగులతో గీయిస్తూనే ఉంది. ఫొటోలు తీయడం చేతకాక కాదు కదా.

ఒక్క విషయంలో మాత్రం నన్ను వెక్కిరించేవాళ్ళదే పైచేయి. మే నెలలో మందమర్రిలో నీటిరంగులు వేయడం మూర్ఖత్వం. రెండో కుంచె ముంచేలోపు మొదటిది ఎండి అంచు కడుతుంది. గాలి లేస్తే తడి కాగితం మీద నల్లటి నలుసులు పడతాయి. అందుకే రేలను పొద్దున ఆరింటికే, కొమ్మ తెచ్చుకుని, కిటికీ మూసి గీస్తాను. చెమటచుక్క పడి చెడిపోయిన రేలలు నా దగ్గర నాలుగున్నాయి.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం తన ఊరి ఆడవాళ్ళనే, వాళ్ళ బొట్టునూ చీరల ఎరుపునూ గీసి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. అందంగా ఉంటారు, దొరసానుల్ని గీయరాదా అని ఇప్పుడెవరూ ఆయన్ను అడగరు. మనిషి విషయంలో ఒప్పుకున్న న్యాయం పువ్వుకెందుకు వర్తించదో పోటీలు పెట్టేవాళ్ళు చెప్పాలి.

ఈసారి పెత్రమాసకు గునుగు, తంగేడు కోసుకొచ్చినప్పుడు బతుకమ్మకు పోగా ఒక్కో కొమ్మ పక్కన పెట్టి, పిల్లల ముందు కాగితం, రంగులు పెట్టండి. తంగేడును ముందు గీయమనండి, అది తొందరగా వడిలిపోతుంది. గునుగు వారమైనా ఆగుతుంది.