సాక్షి మిగలని సాహసం

1944 జూన్ 12 రాత్రి ఏడుగురు సిబ్బందితో ఒక లాంకాస్టర్ బాంబర్ ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డుల మీద దాడికి బయల్దేరింది. దారిలో జర్మన్ నైట్ ఫైటర్ కాల్చడంతో ఎడమ రెక్క ఇంజన్లు రెండూ ఆగిపోయి మంటలు లేచాయి. పైలట్ అందరినీ దూకేయమన్నాడు. తోక చివర టరెట్‌లో ఉన్న ప్యాట్ బ్రోఫీ మాత్రం కదల్లేకపోయాడు. హైడ్రాలిక్ గొట్టాలు పగిలి, టరెట్ తిరగకుండా బిగుసుకుపోయింది. కెనడాలోని విన్నిపెగ్ కుర్రాడు ఆండ్రూ మైనార్‌స్కీ తాను దూకే వీలున్నా మంటల్లోంచి వెనక్కి పాకాడు. గొడ్డలితో కొట్టాడు, చేతులతో పీకాడు. అప్పటికే ఒంటిమీద బట్టలు అంటుకున్నాయి. వెళ్లిపొమ్మని బ్రోఫీ చెయ్యి ఊపితే, వెనక్కి జరిగి, అతనికి సెల్యూట్ చేసి దూకాడు. నేలకు చేరాడు కానీ కాలిన గాయాలతో చనిపోయాడు. విమానం కూలినప్పుడు బ్రోఫీ బయటికి విసిరేసినట్టు పడి బతికాడు. 1946లో మైనార్‌స్కీకి మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఆ పతకం వచ్చింది బ్రోఫీ బతికి, చూసింది చెప్పగలిగాడు కాబట్టి. అతను కూడా పోయి ఉంటే మైనార్‌స్కీ లెక్కలో ఒక అంకెగా మిగిలేవాడు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన సొమ్ముతో విమానాలు సమకూర్చుకుని ‘హైదరాబాద్’ పేరు పెట్టుకున్న 110వ స్క్వాడ్రన్ కూడా 1939 సెప్టెంబరు 4న బాంబర్ కమాండ్ చేసిన తొలి దాడిలోనే ఉంది. ఆ రోజు వెళ్లిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో ఐదు తిరిగి రాలేదు. బాంబర్ కూలితే చాలాసార్లు చేసినవాళ్లూ చూసినవాళ్లూ కలిసే పోతారు. ఒక్కొక్కరి సాహసానికి రుజువు అడిగే పతకాలు ఇలాంటివాళ్లకు ఎలా అందుతాయి? వాళ్లందరికీ కలిపి ఒక గుర్తింపు ఉండి తీరాలి. యుద్ధం ముగిశాక బ్రిటన్ వాళ్లకంటూ ప్రత్యేక పతకం ఇవ్వలేదు. లండన్ గ్రీన్ పార్క్‌లో స్మారకం 2012లో లేచింది. 2013లో ఇచ్చింది కూడా పాత పతకం రిబ్బనుకు తగిలించుకునే చిన్న పట్టీయే. అప్పటికి ఎంతమంది మిగిలారు? ఈ జాప్యం అన్యాయమనే అంటాను.

యూరప్ గగనతలంలో ఎగిరినవారికి అప్పట్లోనే ఒక పతకం ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది ఫైటర్ పైలట్లకూ ఇచ్చిందే. 30 దాడులు పూర్తయ్యేదాకా రాత్రి తర్వాత రాత్రి చావుకు ఎదురెళ్లినవాళ్ల కోసం పెట్టింది కాదు. అసలు అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. బాంబు దాడులకు జర్మనీలోని హాంబర్గ్‌లో వేలమంది సామాన్యులు కాలిపోయారు, డ్రెస్డెన్‌లో పాతికవేల దాకా చనిపోయారు. ఆ బాంబులు వేసినవాళ్లను గౌరవించడమేమిటి? ఈ ప్రశ్నను తోసిపుచ్చను, ఆ సామాన్యుల చావుకు సమర్థన వెతకను. వైమానికులు స్వచ్ఛందంగా చేరినవాళ్లే, కింద ఊళ్లున్నాయని వాళ్లకు తెలుసు. కానీ నగరాలనే గురిపెట్టమన్న ఆదేశం 1942 ఫిబ్రవరి 14న పైనుంచి వచ్చింది. ఇక ఎగరలేనన్నవాడి ఫైలు మీద ‘నైతిక స్థైర్యం లేనివాడు’ అని ముద్ర వేశారు. డ్రెస్డెన్ తర్వాత, 1945 మార్చి 28న, ఆ విధానాన్ని తిరిగి చూడాలని సేనాధిపతులకు రాసింది అంతదాకా దాన్ని నడిపిన ప్రధాని చర్చిలే. విధానం తాలూకు సిగ్గు దాన్ని గీసినవాళ్లకు అంటాలి. సగటున 22 ఏళ్లున్న సిబ్బంది మీదికి నెట్టి, వాళ్ల పేరెత్తకుండా ఊరుకోవడం తప్పించుకోవడమే. గ్రీన్ పార్క్ స్మారకం మీద, బాంబు దాడుల్లో చనిపోయిన అన్ని దేశాల ప్రజలనూ తలచుకునే మాట చెక్కి ఉంది. రెండు దుఃఖాలకూ ఒకే గోడమీద చోటుందని అదే చెబుతోంది.

ఆ స్మారకం పైకప్పుకు వాడిన అల్యూమినియం 1944 మేలో బెల్జియంలో కూలిన ఒక హాలిఫాక్స్ బాంబర్‌ది. అందులోని ఎనిమిది మందీ చనిపోయారు. 1997లో బురదలోంచి విమానాన్ని తవ్వి తీసేదాకా ముగ్గురి అవశేషాలు దానిలోనే ఉండిపోయాయి. ఆఖరి నిమిషాల్లో ఎవరు ఎవరి కోసం వెనక్కి పాకారో చెప్పడానికి ఒక్కరూ మిగలలేదు.