పందెపు పడవలు - పంటకాలువ

కోనసీమలో సంక్రాంతి యనగా మొదట ప్రభల తీర్థము జ్ఞప్తికి వచ్చును. కనుమనాడు జగ్గన్నతోటకు బయలుదేరిన ప్రభలు పచ్చని వరిచేల నడుమనుండి సాగిపోవును. కౌశిక నీటిలో దిగి, మోయువారి భుజములపై నిలిచి, ఆవలి గట్టు నెక్కును. తన చేను త్రొక్కుడుపడినదని రైతు కోపగింపడు; శుభమనియే తలంచును. ఇట్టి పండుగకు ఇటీవల ఒక క్రొత్త వేడుక తోడైనది. 2025 జనవరిలో ఆత్రేయపురము వద్ద ప్రధాన కాలువలో సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ట్రోఫీ పేరిట డ్రాగన్ పడవల పందెములు జరిగినవి. పూతరేకులకు పేరుపొందిన ఆ యూరికి పందెపు పడవలవలనను పేరు రావలెనను కోరిక సహజమైనదే.

పందెము ముగిసిన పిదప వాదము మొదలగుటయు సహజమే. కేరళదేశపు పందెములను చూచివచ్చినవారు ఈ కాలువ ఇరుకైనదనియు, దీనిని వెడల్పు చేసి, లోతు త్రవ్వి, గట్టులకు రాతికట్టు కట్టిననే గాని పందెమునకు తగదనియు అందురు. కాలువ క్రింద సేద్యము చేయువారు పంటకాలువలో ఆటలేలయని అడుగుదురు. రెండు మాటలలోను కొంత నిజమున్నది. కాని ఆ కాలువ యెందులకు పుట్టినదో తెలిసికొనక ఈ వాదమును తీర్చుట సాధ్యము కాదు.

గోదావరిపై ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నిర్మాణమును ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించెను. 1852 నాటికి అది పూర్తియయ్యెను. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న భూమికి నీరిచ్చు ప్రధాన కాలువ బొబ్బర్లంక వద్ద బయలుదేరి, ఆత్రేయపురము మీదుగా లొల్ల చేరి, అచ్చట శాఖలుగా చీలును. ఆ శాఖలే అమలాపురము దిక్కునకును, రాజోలు దిక్కునకును నీరు కొనిపోవును. రాజోలు ప్రాంతమునకు పోవు నీరు గన్నవరము వద్ద వైనతేయ నదిని అక్విడక్టుపై దాటవలసి యున్నది. 49 ఖానాల పాత అక్విడక్టు 19వ శతాబ్ది నడిమి కాలమునాటిది. తరువాత కట్టిన క్రొత్తదానికి అన్నదానమునకు ప్రసిద్ధికెక్కిన డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి.

కాటన్ ఈ కాలువలను పొలముల కొఱకు మాత్రమే త్రవ్వింపలేదు. అవి పడవలకు బాటలును కావలెనని ఆయన సంకల్పించెను. అందులకే లాకులు కట్టబడినవి. లాకు పని విద్యార్థులు తెలిసికొనదగినది. నేల వాలును బట్టి కాలువ మెట్లు మెట్లుగా దిగును. మెట్టు వద్ద రెండు తలుపుల నడుమ గదివంటి చోటుండును. పైనుండి వచ్చిన పడవ అందులో చేరగానే వెనుక తలుపు మూసి, లోపలి నీటిని మెల్లమెల్లగా దిగువకు విడుతురు. నీటితోపాటు పడవయు దిగును. లోపలి నీరు దిగువ మట్టమునకు వచ్చినపుడు ముందు తలుపు తెఱతురు. ఎగువకు పోవు పడవకు ఇదే పని తలక్రిందుగా జరుగును. యంత్రము లేదు, పొగ లేదు. నీటి బరువే నావను ఎత్తును, దించును. ధాన్యము, కొబ్బరికాయలు, అరటిగెలలు, పెండ్లివారు, బడిపిల్లలు చిరకాలము ఈ బాటలనే పోయిరి. గాలి చాలనిచోట పడవను గట్టుపైనుండి త్రాటితో లాగెడివారు. రోడ్లును, వంతెనలును, లారీలును వచ్చిన వెనుక పడవలు క్రమముగా తగ్గినవి. కావున ఈ కాలువలో పడవ నడచుట వింతపని కాదు. అది కాలువకు పుట్టుకతో వచ్చిన రెండు పనులలో ఒకటి.

ఇక బాట మంచిచెడ్డలు. అంతర్జాతీయ రోయింగు పందెములలో ఒక్కొక్క పడవకు 13.5 మీటర్ల వెడల్పును, 2000 మీటర్ల నిడివియు నుండవలెను. నీటి లోతు 3 మీటర్లకు తగ్గరాదు. కనూ పందెములలో ఒక్కొక్క పడవకు 9 మీటర్ల వెడల్పు విడుతురు. లోతు విషయమున ఇంత పట్టుదల యేలయన, పడవ పోవునపుడు దానితో అలలు లేచును. అడుగు దగ్గఱగా నున్న నీటిలో అల వేగముగా పరువెత్తజాలదు. అప్పుడు వడిగా పోదలచిన పడవ తాను లేపిన అలకు తానే చిక్కును. డ్రాగన్ పడవలో సామాన్యముగా 20 మంది తెడ్డు వేయుదురు. ముందు డప్పు వాయించు నొకడు, వెనుక నిలిచి పడవను త్రిప్పు నొకడు. లోతు చాలనిచోట ఆ యిరువదిమంది బలమును అడుగునేల దొంగిలించినట్లే యగును.

కాలువకు మఱియొక చిక్కున్నది. చెఱువువలె నిలిచియుండక నీరు పాఱుచుండును. నడుమ వడి హెచ్చు, గట్టు దగ్గఱ తక్కువ. వంపు తిరిగినచోట వెలుపలి గట్టు వైపున వడి హెచ్చును. ప్రక్కప్రక్కన పోవు రెండు పడవలకు సమానమైన నీరు దొరకదు. ఒక్క క్షణములో గెలుపోటములు తేలు ఆటలో ఇది చిన్న సంగతి కాదు. అయినను దీనికి మందు సులభము. ఆ రెండు జట్లే రెండుమాఱులు పోవలెను. రెండవమాఱు ప్రక్కలు మార్చుకొనవలెను. రెండు కాలములను కూడి గెలుపు తేల్చవలెను. దీనికి కావలసినది కొంచెము ఓపిక మాత్రమే. చూచువారికి రెండు పందెములు చూచిన సంతోషము అదనము.

కేరళతో పోలిక తెచ్చువారు ఒక మాట మఱచుచున్నారు. అలప్పుళలో 1952 నుండి నెహ్రూ ట్రోఫీ జరుగుచున్న పున్నమడ ఒక విశాలమైన కాయలు, అనగా సముద్రతీరపు సరస్సు. అచ్చటి చుండన్ పడవ నూఱడుగుల పొడవు గలది. నూఱుమంది కూర్చుండి తెడ్డు వేయునది. ఆ నీటికి ఆ పడవ పుట్టినది. కోనసీమ కాలువ ఆ సరస్సు కాదు, కానక్కఱయు లేదు.

ఇరుకైనంత మాత్రమున బాటకు గౌరవము తగ్గదు. ఇంగ్లాండులో థేమ్సు నదిపై హెన్లీ పట్టణమున 1839లో ఆరంభమైన పందెములు లోకప్రసిద్ధములు. అచ్చట నది వెడల్పు చాలనందున ఒక్కొక్క పందెములో రెండే పడవలు పోవును. ఓడినది ఇల్లు చేరును. గెలిచినది తరువాతి పందెమున ఇంకొకదానిని ఎదుర్కొనును. ఆక్స్‌ఫర్డులో నది మఱింత సన్నము. ప్రక్కప్రక్కన పోవుటకే వీలులేక, పడవలను ఒకదాని వెనుక నొకటిగా నిలిపి ఒక్కసారి విడుతురు. వెనుకది ముందున్నదానిని తాకినచో గెలిచినట్లు. నది చాలనందుకు ఆటనే దిద్దుకొన్న ఆ విద్యార్థుల యుక్తి మెచ్చదగినది. ఆత్రేయపురమునకును ఈ త్రోవయే తగినది.

కాలువను వెడల్పు చేయుటలో కీడు గలదు. అదే నీరు వెడల్పైన బాటలో పలుచగా పరచుకొనును, వడి తగ్గును, వడి తగ్గినచోట ఒండ్రు మేట వేయును. నీటిమట్టము దిగినచో పొలముల తూములకు నీరెక్కదు. ఆటకై చేసిన వెడల్పు కొన్నియేండ్లకు ఆటకును, పంటకును పనికిరాకుండ పోవును.

ఇంతకంటె ముఖ్యమైనది నీటి కాలము. సంక్రాంతి నాటికి దాళ్వా నాట్లు సాగుచుండును. ఆ దినములలో కాలువ మట్టము పొలముల అక్కఱను బట్టియే యుండవలెను. పందెము చూడముచ్చటగా నుండుటకై నీటిని ఒకచోట బిగబట్టుట ఎంతమాత్రమును తగదు. ప్రభ త్రొక్కిన చేను నాలుగు దినములకు మరల తలయెత్తును. నీరందని నాటు ఎత్తదు. ఎగువన చేసిన ఆలస్యము శివారు భూములకు చేరునప్పటికి ఎంత పెరుగునో రాజోలు రైతు చెప్పగలడు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పొలములను సాగుచేయక పంటవిరామము ప్రకటించిరి. గిట్టుబాటు కాని ధరలతోపాటు మురుగునీరు పోవు దారులు పూడియుండుటయు వారి బాధలలో నొకటి. నీటిబాటల నిర్లక్ష్యము అచ్చట కూటిలేమియై పరిణమించును. ఊళ్లలోని మంచినీటి చెఱువులు నిండుటయు ఈ కాలువల చలువయే.

అట్లని పందెములను మానివేయవలెనా? వలదు. పడవలు మరలుటవలన కాలువకు ఒక గొప్ప మేలు కలుగవచ్చును. పడవలు నడచిన కాలమున, ఎచ్చట మేట వేసినదో, ఎచ్చట గట్టు జాఱినదో, ఎచ్చట తూటికాడ అడ్డుపడినదో పడవవాడే మొదట పసికట్టెడివాడు. అతడు పోయిన తరువాత ఆ కాపలా పోయినది. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క లేత ఊదారంగు పూలతో కన్నులకు ఇంపుగానే యుండును. కాని అది నీటిని కప్పి, కాలువ ఊపిరి బిగించును. ప్లాస్టిక్ సంచులును, చెత్తయు దానికి తోడగుచున్నవి. పండుగ ముందు వారముదినములు శుభ్రము చేసి, పండుగ తరువాత మరల విడిచిపెట్టినచో ఆ బాటను మంచి బాట యనుటకు వీలులేదు. పందెము లేని ఆషాఢమాసపు మంగళవారమున సామాన్యమైన పడవ అడ్డులేక సాగిపోవునా యనునదే దానికి పరీక్ష.

కావున పందెపు జట్లు పండుగకు మాత్రమే కాక ఏడాది పొడవున కాలువలో సాధన చేయవలెను. చుట్టుపట్ల ఉన్నత పాఠశాలల విద్యార్థులు వానిలో చేరవలెను. చేరుటకు ముందు ఈత నేర్వవలెను, నీటిలో తేల్చు చొక్కా లేక పడవ ఎక్కరాదు. కాలువ గట్టున పెరిగియు ఈత యెఱుగని పిల్లలుండుట కోనసీమకు తగిన మాట కాదు. జూనులో కాలువలకు నీరు వదలిన పిదప బొబ్బర్లంక నుండి లొల్ల వరకు నెలకొకమాఱు ఒక పడవ పోవలెను. తెడ్డు ఎచ్చట నేలకు తగిలెనో, డెక్క ఎచ్చట చుట్టుకొనెనో, గట్టు ఎచ్చట విఱిగియున్నదో ఆ పడవలోని పిల్లలు ఒక పుస్తకమున వ్రాసి, కాలువ ఇంజనీరు చేతికియ్యవలెను. వేసవిలో కాలువ కట్టివేసి మరమ్మతులు చేయు దినములలో పని యెచ్చట మొదలుపెట్టవలెనో ఆ పుస్తకమే చెప్పును.