ఒకసారి చెప్పింది మళ్లీ అడగని సర్కారు

ఎస్టోనియాలో బిడ్డ పుడితే ఆ కబురు ఆసుపత్రి నుంచే నేరుగా జనాభా రిజిస్టర్‌కు చేరుతుంది. బిడ్డకు గుర్తింపు సంఖ్య వచ్చేస్తుంది. అమ్మానాన్నలు పేరు ఖాయం చేసుకుని ఇంట్లో కూర్చునే నమోదు చేస్తారు. 2019 చివర్లో అక్కడి ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కుటుంబానికి ఏయే భత్యాలు రావాలో సామాజిక బీమా శాఖే లెక్కగట్టి, ఫలానావి మీకు వస్తాయి, సరి చూసుకోండి అని వర్తమానం పంపుతుంది. తల్లి చేయాల్సిందల్లా సరేనని చెప్పి, బ్యాంకు ఖాతా నంబరు ఖరారు చేయడమే. అర్జీ పెట్టుకునే పని లేదు. జిరాక్సులు జత చేసే పని అంతకన్నా లేదు.

2023 డిసెంబరు ఆఖరి వారం తెలంగాణలో ఎలా గడిచిందో గుర్తు చేసుకుంటే ఈ మాట విలువ తెలుస్తుంది. ఆరు గ్యారంటీల కోసం ప్రజాపాలన సభల్లో కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటికి ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు జతచేయాలన్నారు. ఆధార్ ఇచ్చింది ప్రభుత్వం, రేషన్ కార్డు ఇచ్చింది ప్రభుత్వం, వాటి కాపీలు తెమ్మన్నదీ ప్రభుత్వమే. చలిలో, చంటిపిల్లలను చంకనేసుకుని జనం బారులు తీరారు.

ఇక్కడ కంప్యూటర్లు లేక ఇలా జరిగిందనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు తెరుచుకున్నది 2001లో. ఎస్టోనియా తన డిజిటల్ పాలనకు వెన్నెముక అనదగిన ఎక్స్-రోడ్‌ను ప్రారంభించిందీ అదే ఏడాది డిసెంబరులో. రెండు చోట్లా పరుగు ఒకేసారి మొదలైంది. మనం కౌంటర్లను బాగుచేసుకున్నాం. వాళ్లు కౌంటర్ వెనకాల ఉన్న ప్రభుత్వాన్ని బాగుచేసుకున్నారు. తేడా అంతా ఆ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

ఎస్టోనియా జనాభా పద్నాలుగు లక్షలకు లోపే, అంటే విశాఖపట్నం నగరం కంటే తక్కువ. 1991 ఆగస్టులో సోవియట్ యూనియన్ నుంచి బయటపడేనాటికి ఖజానాలో చెప్పుకోదగ్గ సొమ్ము లేదు. రూబుల్ విలువ రోజురోజుకూ కరిగిపోతోంది. 1992 జూన్‌లో సొంత కరెన్సీ క్రూన్ తెచ్చి, దాన్ని జర్మన్ మార్కుకు ముడివేశారు. ఎనిమిది క్రూన్లకు ఒక మార్కు. ఒక్కొక్కరు 1,500 రూబుళ్ల దాకా ఇచ్చి 150 క్రూన్లు తీసుకున్నారు. ఆ అక్టోబరులో మార్ట్ లార్ ప్రధాని అయ్యేనాటికి ఆయన వయసు 32. ఆయన ప్రభుత్వం 1994 నుంచి పేద, ధనిక అందరికీ ఒకటే రేటు, 26 శాతం ఆదాయ పన్ను అమల్లోకి తెచ్చింది. నాటి సంస్కరణల్లో సామాన్యుడు పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ పన్ను లెక్క ఎంత సులువైతే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం అంత సులువవుతుందన్న సంగతి తర్వాత పదేళ్లలో అందరికీ అర్థమైంది.

ఇంత చిన్న దేశం ప్రతి ఊళ్లో ఆఫీసు తెరిచి, గుమాస్తాలను పెట్టి, జీతాలివ్వలేదు. ఆ లేమే వాళ్లను కంప్యూటర్ వైపు నడిపించింది. మరోవైపు సోవియట్ కాలంలోనే, 1960లో, టాలిన్‌లో సైబర్నెటిక్స్ సంస్థ ఏర్పడింది. ప్రోగ్రాములు రాయగలిగిన ఒక తరం అక్కడ అప్పటికే సిద్ధంగా ఉంది. 1996లో అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి ‘పులి దూకుడు’ పేరిట బడులకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇచ్చే పథకాన్ని ప్రకటించారు. పిల్లలతోనే సరిపెట్టలేదు. 2001లో బ్యాంకులు, టెలికం కంపెనీలు కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం లక్ష మంది పెద్దవాళ్లకు మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పించింది. వయోజనుల్లో సుమారు పది శాతం అన్నమాట. ఎస్టోనియా కథ చెప్పేవాళ్లు సాఫ్ట్‌వేర్ గొప్పల్లో పడి ఈ శిక్షణను వదిలేస్తుంటారు. అది లేకపోతే మిగతాదంతా చదువుకున్నవాళ్ల సౌకర్యంగా మిగిలిపోయేది.

ఎక్స్-రోడ్ అంటే ఒక పెద్ద డేటాబేస్ అనుకుంటారు చాలామంది. నిజానికి అటువంటి పెద్ద గిడ్డంగి లేకుండా చేయడమే దాని ఉద్దేశం. జనాభా వివరాలు జనాభా రిజిస్టర్‌లోనే ఉంటాయి, వాహనాలవి రవాణా శాఖ దగ్గరే ఉంటాయి, వైద్యానివి వైద్య శాఖ దగ్గరే. ఒక శాఖకు ఇంకో శాఖ దగ్గరున్న వివరం కావాలంటే, భద్రమైన దారిలో అడిగి, ఆ ఒక్క ముక్క మాత్రమే తెచ్చుకుంటుంది. అడిగినట్టు, ఇచ్చినట్టు రెండు వైపులా నమోదవుతుంది.

దీని వెనక ఉన్న చట్టం ఇంకా ముఖ్యం. ఒక వివరం ఇప్పటికే ఏదో ఒక ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉంటే, అదే వివరం సేకరించడానికి మరో డేటాబేస్ పెట్టకూడదని అక్కడి ప్రజా సమాచార చట్టం స్పష్టంగా నిషేధిస్తుంది. అంటే పౌరుణ్ని రెండోసారి అడగడమన్నది అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేసిన వ్యవహారం కాదు, చట్టం ఒప్పుకోని పని. 2000లో వచ్చిన మరో చట్టం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. 2002 నుంచి ఇస్తున్న గుర్తింపు కార్డుకు రెండు పిన్ నంబర్లుంటాయి. ‘నేను ఫలానా’ అని చెప్పడానికి నాలుగంకెలది, సంతకం పెట్టడానికి ఐదంకెలది. 2010 నుంచి మందుల చీటీ కూడా కాగితం మీద అక్కర్లేకుండా పోయింది. దుకాణంలో కార్డు చూపిస్తే డాక్టర్ రాసిన మందులు ఫార్మసిస్టుకు తెర మీద కనబడతాయి.

వీటన్నిటిలో మన పాలకులు తప్పక చూసి రావాల్సింది ఒక సాదా పేజీ. ఎస్టోనియా పౌరుడు ప్రభుత్వ పోర్టల్‌లోకి వెళ్లి ‘డేటా జాడ’ చూసుకోవచ్చు. ఏ తేదీన, ఏ సంస్థ, ఏ పని మీద తన వివరాలు తీసి చూసిందో అక్కడ వరుసగా ఉంటుంది. వైద్య రికార్డుల్లోకి ఎవరు తొంగిచూసిందీ అలాగే తెలుస్తుంది. కావాలనుకుంటే డాక్టర్లకు సైతం కనబడకుండా ఆ రికార్డును మూసేసుకునే హక్కు రోగికి ఉంది. సంబంధం లేకపోయినా ఉత్సుకత కొద్దీ ఇతరుల వివరాలు చూసిన పోలీసులకు, వైద్య సిబ్బందికి శిక్షలు పడ్డ సందర్భాలున్నాయి. నిఘా అనగానే ప్రభుత్వం జనం మీద వేసే కన్నే గుర్తొస్తుంది. అక్కడ జనం కూడా ప్రభుత్వం మీద ఒక కన్నేసి ఉంచగలరు.

ఈ నమ్మకానికి గట్టి పరీక్షలే ఎదురయ్యాయి. 2007 ఏప్రిల్‌లో టాలిన్ నడిబొడ్డున ఉన్న సోవియట్ కాలపు సైనికుడి కంచు విగ్రహాన్ని తరలించడంతో అల్లర్లు చెలరేగాయి. ఆ వెంటనే ప్రభుత్వ సైట్లు, బ్యాంకులు, పత్రికల మీద సైబర్ దాడులు వారాల తరబడి సాగాయి. మరుసటి ఏడాదే నాటో సైబర్ రక్షణ కేంద్రం టాలిన్‌లో వెలిసింది. తర్వాత లక్సెంబర్గ్‌లో ‘డేటా ఎంబసీ’ పెట్టుకున్నారు. ముఖ్యమైన రిజిస్టర్ల ప్రతులు అక్కడి సర్వర్లలో ఉంటాయి. రాయబార కార్యాలయానికి ఉండే రక్షణలే వాటికీ ఉంటాయి. పొరుగున రష్యా ఉన్న దేశం, నేల పోయినా ప్రభుత్వం బతకాలని చేసుకున్న ఏర్పాటు అది.

2017లో వచ్చిన గండం ఇంకోరకం. గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం ఉందని చెక్ దేశపు పరిశోధకులు కనిపెట్టారు. దాదాపు 7.6 లక్షల కార్డులు, అంటే సగం దేశం. మరో నెలన్నరలో స్థానిక ఎన్నికలు. ప్రధాని యూరి రతాస్ సెప్టెంబరు మొదటి వారంలోనే విలేకరుల ముందుకొచ్చి సంగతి చెప్పేశారు. ఆ అక్టోబరులో అప్పటిదాకా ఎన్నడూ లేనంతమంది ఆన్‌లైన్‌లో ఓటేశారు. నవంబరు 3 రాత్రి పాత సర్టిఫికెట్లను నిలిపివేసి, ఇంటి నుంచే కార్డును సరిచేసుకునే వీలు కల్పించారు. డేటా లీకైందన్న వార్త రాగానే ‘అలాంటిదేమీ లేదు’ అని కొట్టిపారేసే ప్రభుత్వాలు చూడాల్సిన ఉదాహరణ ఇది.

ఆన్‌లైన్ ఓటు సంగతి మాత్రం జాగ్రత్తగా చెప్పుకోవాలి. 2005లో మొదలైన ఆ పద్ధతిలో 2023 పార్లమెంటు ఎన్నికలకల్లా సగానికి పైగా ఓట్లు పడ్డాయి. ఇంట్లో ఎవరైనా బలవంతపెట్టి వేయిస్తే, గడువులోపు మళ్లీ వేసుకోవచ్చు. చివరిదే చెల్లుతుంది. పోలింగ్ రోజున బూత్‌కు వెళ్లి కాగితం మీద వేస్తే అదే లెక్కలోకి వస్తుంది. అయినా 2014లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ వ్యవస్థ భద్రతను తీవ్రంగా తప్పుపట్టింది. 2023లో ఆన్‌లైన్ ఓట్ల లెక్కతో వెనకబడిన ఎక్రే పార్టీ సుప్రీంకోర్టుకెక్కింది, కోర్టు ఆ ఫిర్యాదును తోసిపుచ్చింది. ఓడినవాడు కూడా ఒప్పుకోగలిగితేనే ఎన్నిక నిలబడుతుంది. ఆ విషయంలో ఎస్టోనియాలో వాదన ఇంకా తెగలేదు. దీన్ని మనం అరువు తెచ్చుకోవాలన్న తొందర అక్కర్లేదు.

డిజిటల్ పాలన సిరిసంపదలు తెచ్చిందా? కొంత తెచ్చింది. స్కైప్ సాఫ్ట్‌వేర్ రాసింది టాలిన్‌లోని ఇంజినీర్లే. 2005లో ఈబే దాన్ని 260 కోట్ల డాలర్లకు కొన్నాక చేతికొచ్చిన డబ్బు, అనుభవం కొత్త కంపెనీలకు ఎరువయ్యాయి. వైజ్, బోల్ట్ వంటివి స్థాపించింది ఎస్టోనియన్లే. కంపెనీ లాభాన్ని పంచుకోకుండా వ్యాపారంలోనే ఉంచితే 2000 నుంచి పన్ను లేదు. ఐరోపా సమాఖ్యలో అతి తక్కువ అప్పున్న దేశాల్లో అదొకటి. అయితే కంప్యూటర్లు గాలివానను ఆపలేవు. ఉక్రెయిన్ యుద్ధంతో ఇంధన ధరలు మండి, 2022 ఆగస్టులో ద్రవ్యోల్బణం 25 శాతం దాకా వెళ్లింది. 2023, 2024లలో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. రక్షణ ఖర్చు పెరగడంతో పన్నులు పెంచక తప్పలేదు, 2025 జులై నుంచి వ్యాట్ 24 శాతానికి చేరింది. అంతకుముందు డాన్‌స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా సుమారు 20,000 కోట్ల యూరోల అనుమానాస్పద సొమ్ము పారింది. పౌరుడి కాగితాలను అంత చక్కగా సర్దిన దేశం కళ్లెదుటే అది ఏళ్ల తరబడి సాగింది.

చిన్న దేశం కాబట్టి కుదిరింది, మనకెలా కుదురుతుందని అధికారులు అంటుంటారు. నాలుగు కోట్ల జనాభా ఉన్న ఉక్రెయిన్, ఎస్టోనియా సాయంతో ‘త్రెంబీతా’ పేరిట అదే తరహా వ్యవస్థ కట్టుకుంది. యుద్ధంలోనూ దాన్ని నడుపుకుంటోంది. తెలంగాణ జనాభా దాదాపు అంతే.

ఆధార్, డిజిలాకర్, మీసేవ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోకి 161 సేవలు తెచ్చింది. క్యూ తగ్గించే ఏ పనైనా మంచిదే. మనకు లేనిదల్లా, ఒకసారి ఇచ్చిన వివరం మళ్లీ అడగకూడదని ప్రభుత్వాన్ని కట్టడిచేసే చట్టం. 2023 నాటి కేంద్ర డేటా రక్షణ చట్టం తీరు అందుకు తలకిందులుగా ఉంది, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే పెట్టింది.

మొదలుపెట్టడానికి పెద్ద ముహూర్తాలు అవసరం లేదు. స్కాలర్‌షిప్ కోసం విద్యార్థి సమర్పించే ఆదాయ ధ్రువపత్రం ఇచ్చేది రెవెన్యూ శాఖే, అడిగేది సంక్షేమ శాఖ. మధ్యలో ఆ పత్రాన్ని మోసేది కూలి మానుకుని మీసేవకు తిరిగే తండ్రి. రెవెన్యూ దగ్గరున్న వివరాన్ని విద్యార్థి అనుమతితో సంక్షేమ శాఖే తెచ్చుకోవాలని, ఆ వివరాన్ని ఎవరు చూశారో విద్యార్థి ఫోన్‌కు తెలపాలని రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీలూ ఒక చిన్న చట్టం చేయాలి. వచ్చే విద్యా సంవత్సరం దరఖాస్తులు మొదలయ్యేలోగా ఇది చేయగలిగిన పనే.