మనది ఏ సారథ్యం?

మాఘ శుద్ధ పంచమి నాడు నిర్మల్ జిల్లా బాసరలో, గోదావరి ఒడ్డున కనిపించే దృశ్యం తెలుగువారికి సుపరిచితమే. పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్న తల్లి, ఆ చిట్టివేలు పట్టి పలకమీద తొలి అక్షరం దిద్దించే తండ్రి, ఎదుట కొలువైన జ్ఞాన సరస్వతీ మాత. అదే వరుసలో మరికొందరు తల్లిదండ్రులు కూడా నిలబడి ఉంటారు. వారి పక్కన పదిహేడేళ్ల కొడుకో కూతురో ఉంటారు. చేతిలో కొత్త పెన్నులు, పుస్తకాలు ఉంటాయి. శ్రీపంచమి వెళ్లిన కొన్ని వారాలకే ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షలు. అమ్మవారి పాదాల చెంత ఆ పెన్నులు ఉంచి, కళ్లకద్దుకుని తిరిగి తీసుకుంటారు.

ఆ ఇద్దరు తల్లుల నడుమ ఉన్నది పద్నాలుగేళ్ల దూరం. మొదటి తల్లి కోరేది ఒక్కటే: ‘అమ్మా, నా బిడ్డకు చదువునివ్వు.’ రెండో తల్లి కోరిక పెద్దది. అందులో మార్కులున్నాయి, ర్యాంకు ఉంది, ఫలానా కళాశాలలో సీటు ఉంది, చుట్టాల ముందు తలెత్తుకు తిరగడం కూడా ఉంది. చదువు కోసం మొదలైన ప్రార్థన ర్యాంకు కోసం ఎప్పుడు మారిందో ఆ తల్లికే తెలియదు. ఆమెను తప్పుపట్టనక్కర లేదు. కానీ ఆ మార్పును గుర్తించవలసిన సమయం మాత్రం ఇదే.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం మన ఇళ్లలో ఒక దీక్షాకాలం. తెల్లవారక ముందే స్టడీ అవర్లు, పగలంతా తరగతులు, వారాంతపు పరీక్షలు, రాత్రి మళ్లీ పుస్తకాలు. బోర్డు పరీక్షలతో పాటు జేఈఈ, నీట్, ఈఏపీసెట్ అంటూ ఒకదాని వెంట ఒకటి ప్రవేశ పరీక్షలు. పిల్లల కోసం ఊరు విడిచి, కాలేజీ దగ్గర గది అద్దెకు తీసుకుని వండిపెడుతున్న తల్లులున్నారు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రులున్నారు. ఇంట్లో టీవీ మూగబోతుంది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం ఆగిపోతుంది. ఈ త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. అయితే ఆ త్యాగం బిడ్డకు అండగా నిలుస్తున్నదా, నెత్తిన బరువుగా మారుతున్నదా అని ప్రతి తల్లీ తండ్రీ ఒక్కసారి తమను తాము ప్రశ్నించుకోవాలి.

బాసర స్థలపురాణం ప్రకారం, కురుక్షేత్ర సంగ్రామానంతరం మనశ్శాంతిని వెదుకుతూ వచ్చిన వ్యాస భగవానుడు ప్రతిదినం గోదావరిలో స్నానమాడి, మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి అమ్మవార్ల మూర్తులను తీర్చిదిద్దాడు. ఆ వ్యాసుడు అనుగ్రహించిన మహాభారతంలోనే పరీక్షాకాలపు తల్లిదండ్రులకు కావలసిన పాఠం ఉంది. ఆ యుద్ధంలో ఇద్దరు మహావీరులకు ఇద్దరు సారథులు. అర్జునునికి శ్రీకృష్ణుడు, కర్ణునికి మద్రదేశాధిపతి శల్యుడు. అశ్వవిద్యలో శల్యుడు సామాన్యుడు కాడు. కృష్ణునికి సాటి రాగలవాడని ఎంచి దుర్యోధనుడు ఆయనను బతిమాలి ఒప్పించాడు. శల్యుడు రథాన్ని చక్కగానే నడిపాడు. కానీ నోటితో కర్ణుని గుండె చల్లారబెట్టాడు. హంసలతో పందెం కాసి సముద్రంమీద ఎగురుతూ అలసి నీటిలో పడిన కాకి కథ చెప్పి, ఆ కాకివి నువ్వేనన్నాడు. ప్రతి మలుపులోనూ అర్జునుని పొగిడాడు. అందుకే తెలుగులో ‘శల్యసారథ్యం’ అన్న మాట స్థిరపడిపోయింది.

మన ఇళ్లలో ఈ శల్యసారథ్యం ఎంత తెలియకుండా సాగిపోతుందో చూడండి. ఫీజులో లోటు లేదు, భోజనంలో లోటు లేదు, పుస్తకాలలో లోటు లేదు. రథం బాగానే ఉంది. కానీ అన్నం వడ్డిస్తూ ఒక మాట: ‘మీ పెదనాన్నగారి అబ్బాయికి అప్పుడే ఎన్ని మార్కులు వచ్చాయో తెలుసా?’ దీపారాధన చేస్తూ మరో మాట: ‘నీ కోసం మేం ఇంత చేస్తుంటే నువ్వు మాత్రం ఇలా...’ నిద్రపోయే ముందు ఇంకొకటి: ‘ఇలాగైతే నీకు సీటు వచ్చినట్టే!’ కొట్టే దెబ్బకంటె ఈ పోలిక లోతుగా దిగుతుంది. శల్యుడు ఆ పని ధర్మరాజుకిచ్చిన మాటకోసం, కర్ణుని తేజోవధ కోసం తెలిసి చేశాడు. మనం ప్రేమతో, తెలియక చేస్తున్నాం. వినే చెవికి మాత్రం రెండూ ఒక్కటే.

ఇక పార్థసారథి ఏం చేశాడు? మొదట విన్నాడు. భగవద్గీత తొలి అధ్యాయంలో కృష్ణుడు దాదాపు మౌనంగానే ఉంటాడు. అర్జునుని చేతులు వణికాయి, నోరెండిపోయింది, గాండీవం జారిపోయింది. ఆ దుఃఖమంతా వెళ్లగక్కేదాకా స్వామి అడ్డుపడలేదు. గీతాచార్యుడే ముందు శ్రోత అయినప్పుడు, మనం బిడ్డ నోరు తెరవగానే ఉపదేశానికి దిగడం ఏ ధర్మం? ‘ఫిజిక్స్ అంటే భయంగా ఉంది నాన్నా’ అన్న మాటకు సమాధానం ‘భయమెందుకు, చదివితే వస్తుంది’ అని కాదు. ‘ఏ పాఠం దగ్గర భయంగా ఉంది, చెప్పమ్మా’ అని పక్కన కూర్చోవడం. పద్దెనిమిది అధ్యాయాలు బోధించిన తరువాత కూడా ఆ స్వామి బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చేయమని నిర్ణయాన్ని శిష్యునికే విడిచిపెట్టాడు. ఎంపీసీయా, బైపీసీయా, మరే దారా అన్నచోట ఎందరు తల్లిదండ్రులు ఆ స్వేచ్ఛనిచ్చారు?

రెండోది, కృష్ణుడు ఆయుధం పట్టనన్నాడు. భీష్ముని బాణధాటికి అర్జునుడు తల్లడిల్లుతుంటే చూడలేక, ఆ మాట మరచి రథం మీదనుంచి దూకాడు కూడా. అప్పుడు అర్జునుడే పరుగున వెళ్లి కాళ్లు పట్టి వెనక్కు తెచ్చాడు. బిడ్డ కష్టపడుతుంటే తామే వెళ్లి ఆ పరీక్ష రాసేయాలని అనిపించే తల్లిదండ్రుల గుండె ఆ స్వామికి తెలుసు. కానీ యుద్ధం అర్జునునిది. పరీక్ష బిడ్డది. మనం నెరవేర్చుకోలేకపోయిన డాక్టరు కలనో, ఇంజనీరు కలనో ఆ చిన్న భుజాల మీదికి ఎత్తడం అంటే సారథి స్థానం విడిచి రథం దిగడమే.

మూడో పాఠం అన్నిటికంటె అపురూపమైనది. అభిమన్యుని మరణానంతరం, మర్నాడు సూర్యాస్తమయంలోగా సైంధవుని సంహరించకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు శపథం పట్టాడు. అంతటి గడువున్న రోజది. సూర్యుడు పడమటికి వాలుతున్నాడు. సైంధవుడు ఇంకా దూరంలోనే ఉన్నాడు. గుర్రాలు అలసిపోయాయి, ఒళ్లంతా బాణాలు గుచ్చుకున్నాయి. ఆ వేళ రథం ఆగింది. అర్జునుడు బాణంతో నేలను చీల్చి నీటి మడుగును సృష్టించాడు, బాణాలతోనే ఒక పందిరి కట్టాడు. జగన్నాథుడు గుర్రాలను విప్పి, వాటి ఒంట దిగిన బాణాలను తన చేతులతో పెరికి, ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి, మేత పెట్టి, సేదదీరాక మళ్లీ రథానికి కట్టాడు. ఆ రోజు సూర్యుడు అస్తమించేలోగా శపథం నెరవేరింది. గడువు తరుముతున్న రోజునే గుర్రాలకు విశ్రాంతినిచ్చిన సారథి మన దైవం. పరీక్షలకు నెలరోజులే ఉందని పిల్లల నిద్ర కోసే మనం ఆ దైవానికి భక్తులమెలా అవుతాం?

కాబట్టి పరీక్షల రోజుల్లో తల్లిదండ్రుల అనుష్ఠానం ఇలా ఉండాలి. బిడ్డ కంటినిండా నిద్రపోయేటట్టు చూడాలి. చదివింది మనసులో కుదురుకునేది నిద్రలోనేనని వైద్యశాస్త్రమూ చెబుతోంది. ఆహార నిద్రలలో మితం తప్పినవానికి యోగం సిద్ధించదని గీత ఆరో అధ్యాయం ఏనాడో హెచ్చరించింది. ఎండలు ముదిరే మార్చిలో పెరుగన్నం, మజ్జిగ, తగినన్ని నీళ్లు చాలు. ఉపవాసాలు తల్లి చేస్తే చేయవచ్చు, పరీక్ష రాసే బిడ్డ చేత చేయించవద్దు. హాల్ టికెట్టు, పెన్నులు ముందురోజు రాత్రే సర్ది దేవుని గూట్లో ఉంచండి. పరీక్షా కేంద్రం ఎక్కడో ముందుగానే చూసి రండి. ఉదయం దీపం వెలిగించి, బిడ్డ నుదుట బొట్టు పెట్టి, చిరునవ్వుతో సాగనంపండి. తిరిగి వచ్చాక ‘ఎన్ని మార్కులొస్తాయి?’ అని అడగకుండా ‘అన్నం తిందువు రా’ అనండి. రాసేసిన పేపరును మళ్లీ మళ్లీ తవ్వి, రేపటి పేపరుకు కావలసిన ధైర్యాన్ని కోల్పోనివ్వకండి.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వస్తోందో మనందరికీ తెలుసు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13 వేలకు పైగా విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక, కొద్ది రోజుల వ్యవధిలో ఇరవై మందికి పైగా పిల్లలు మనకు దక్కకుండా పోయారు. ఫలితాల తయారీలో పొరపాట్లు జరిగాయని తరువాత ప్రభుత్వం నియమించిన సంఘమే తేల్చింది. తెలుగులో సున్నా వచ్చినట్టు ప్రకటించిన ఒక విద్యార్థినికి, జవాబు పత్రం తిరిగి చూస్తే 99 మార్కులు ఉన్నాయి. మనుషులు వేసే మార్కులు ఎంతటి అస్థిరమైనవో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఒకవేళ ఆ సున్నా నిజమే అయినా, అది ఒక పేపరు విలువ మాత్రమే. సరస్వతీ కటాక్షానికి అది కొలమానం కాదు, బిడ్డ ప్రాణానికి అసలే కాదు.

ఫలితాలు సాధారణంగా ఏప్రిల్‌లో, ఉగాది వెళ్లిన తరువాత వస్తాయి. ఉగాది నాడు వేపపువ్వును కళ్లకద్దుకుని తిన్న మనమే, కొన్ని రోజులకు వచ్చిన చేదు కబురును ఇంట్లోకి రానివ్వం! ఆనాడు తల్లిదండ్రులకు గజేంద్ర మోక్షం గుర్తుకు రావాలి. మడుగులో చిక్కిన ఏనుగు మొర వినగానే శ్రీహరి ఉన్నవాడు ఉన్నట్టే బయలుదేరాడు. ఆ మడుగులోకి ఎందుకు దిగావని అడగలేదు. ముందే జాగ్రత్తపడలేదేమని నిలదీయలేదు. మొదట ఒడ్డుకు చేర్చాడు. తప్పిన బిడ్డ ముందు ఆ రోజు మనం పలకవలసిన మొదటి మాట ‘నేనున్నాను’ అన్నదే. మిగతావన్నీ తరువాత. మార్కులపై అనుమానముంటే తిరిగి లెక్కింపు, పునఃపరిశీలన ఉన్నాయి. సంవత్సరం వృథా కాకుండా కొద్ది వారాలకే సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. దారులు మూసుకుపోలేదని బిడ్డకు చెప్పవలసినది ఇంట్లోని పెద్దలే.

బిడ్డ అన్నం మానేసినా, నిద్ర పట్టక తిరుగుతున్నా, ఎవరితోనూ మాట్లాడకున్నా, ఇష్టమైన వస్తువులను పంచిపెడుతున్నా, ‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాట అన్నా, అది వయసు ప్రభావమని కొట్టిపారేయవద్దు. దిష్టి తీసి ఊరుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు. నేరుగా, మెల్లగా అడగండి, వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా, తెలుగులోనూ మాట్లాడవచ్చు. జ్వరానికి మందు వేయించి దేవునికి దండం పెట్టినట్టే, మనసు నొప్పికీ వైద్యం చేయించాలి. అది దైవభక్తికి లోపం కాదు.

చివరగా మొక్కుల మాట. ‘ర్యాంకు వస్తే కొండకు వచ్చి తలనీలాలిస్తాం’, ‘సీటు వస్తే నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తాం’ అని మొక్కుకోని ఇల్లు అరుదు. ఆ మొక్కులో తప్పేమీ లేదు. భగవంతుని ముందు కోరిక విన్నవించుకోవడం బిడ్డలుగా మన హక్కు. కానీ ఆ మొక్కును పక్కగదిలోంచి ఇంకొక బిడ్డ వింటున్నది. ర్యాంకు రాకపోతే అమ్మానాన్నలకే కాక, ఆ ఏడుకొండలవానికీ తాను బాకీ పడిపోయినట్టు ఆ పసిమనసు భావిస్తుంది. కనుక ఈసారి మొక్కును కొంచెం మార్చుకుందాం. ఫలితంతో ముడిపెట్టకుండా మొక్కుకుందాం. కర్మ మీదనే అధికారమన్న గీతోపదేశాన్ని పిల్లలకు వల్లె వేయించడం తేలిక. దానిని ముందు మన మొక్కులో పాటించడమే కష్టం, అదే సాధన.

ఆఖరి పరీక్ష రాసి బిడ్డ ఇంటికి వచ్చిన సాయంత్రమే, మార్కుల ఊసు పుట్టకముందే, ఇంటిల్లిపాదీ దగ్గరలోని గుడికి వెళ్లండి. ఒక కొబ్బరికాయ కొట్టండి. ‘తల్లీ, నువ్విచ్చిన ఈ బిడ్డ తన వంతు కష్టపడింది, మాకు దక్కింది, అది చాలు’ అని ఆ బిడ్డ వినేటట్టుగా చెప్పండి. పద్నాలుగేళ్ల క్రితం పలకమీద ఆ వేలు పట్టి దిద్దించిన చేయి, ఈ సాయంత్రం ఆ భుజం మీద ఉంటే, అంతకు మించిన సరస్వతీ పూజ లేదు.